ఏ మీడియం అన్నది తరవాతి మాట

సంపాదకులకు నమస్కారం.

జూన్ మధ్యలో మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా బడులు తెరుచుకుంటాయి. విదర్భలో ఎండల వల్ల చంద్రపూర్, గడ్చిరోలి బడులు ఇంకొన్నాళ్లు ఆగుతాయి. ఈ రోజుల్లో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్, రాజురా, సిరోంచా తాలూకాల్లోని తెలుగు ఇళ్లల్లో ఒకటే చర్చ. పిల్లను ఊళ్లోని జిల్లా పరిషత్ మరాఠీ బడిలో వేయాలా, పసుపు బస్సు వచ్చే కాన్వెంటులో వేయాలా, సరిహద్దు దాటించి తెలంగాణ హాస్టల్లో చేర్చాలా? ఈ మూడింటి మీద గంటలు గంటలు మాట్లాడుకుంటాం. పిల్ల ఏం నేర్చుకోవాలని బడికి పంపుతున్నామో మాత్రం అడగం. ముందు అది తేలితే మీడియం సంగతి సగం తేలినట్టే. ప్రాథమిక తరగతుల్లో పాఠం చెప్పేవాళ్లుగా మాకు తెలిసిన వివరాలు తల్లిదండ్రుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

పిల్లలను బడికి ఎందుకు పంపుతున్నారంటే ఉద్యోగానికి, స్కాలర్‌షిప్‌కి, మంచి సంబంధానికి, మధ్యాహ్నం ఒక పూట అన్నానికి అని చెప్తారు. వీటిలో చిన్నచూపు చూడాల్సింది ఒక్కటీ లేదు. కానీ అన్నం తప్ప మిగతావన్నీ ఒక్క మెట్టు మీదే నిలబడి ఉన్నాయి. కొత్త కాగితం చేతికిస్తే చదివి, అర్థం చేసుకుని, అందులోని లెక్క సరిచూసుకోగలగాలి. 1882లో చదువుల మీద విచారణ చేసిన హంటర్ కమిషన్ ముందు జోతిరావ్ ఫూలే ఇచ్చిన వాంగ్మూలంలో పల్లె బడికి ఏం కావాలో చెప్పారు. మోడీ, బాళబోధ్ (దేవనాగరి) లిపులు రెండూ చదవడం, రాయడం రావాలన్నారు. లెక్కలు, కొద్దిగా చరిత్ర, భూగోళం, వ్యాకరణం, వ్యవసాయ పరిచయం, శుభ్రత ఉండాలన్నారు. మోడీ ఎందుకంటే అప్పటి కచేరీ కాగితాలు, అప్పుపత్రాలు ఆ లిపిలోనే ఉండేవి. రైతుబిడ్డ తన ఇంటిని ఏలే కాగితాన్ని తానే చదవాలన్నదే అందులోని పట్టుదల.

ఇవాళ ఆ కాగితం సాత్-బారా ఉతారా, అంటే భూమి రికార్డు నకలు. అందులో భూమి విస్తీర్ణం హెక్టార్లలో, ఆర్లలో ఉంటుంది. మన ఇళ్లల్లో లెక్క ఎకరాల్లో, గుంటల్లో. ఉతారాలో 0.81.00 అని ఉంటే 81 ఆర్లు, అంటే దాదాపు 2 ఎకరాలు. హెక్టారుకు 100 ఆర్లు, ఎకరానికి 40 గుంటలు, హెక్టారంటే దగ్గర దగ్గర 2.47 ఎకరాలు. ఈ మూడు లెక్కలు రాని ఇల్లు వాటాల పంపకం రోజున పక్కవాడి మాట మీదే ఆధారపడుతుంది.

పత్తి తూకం చీటీ ఇంకొకటి. బండితో 2,860 కిలోలు, ఖాళీ బండి 2,210 కిలోలు, అంటే సరుకు 650 కిలోలు. చీటీ మీద 6.50 క్వింటాళ్లు అని పడాలి. క్వింటాలు ధర 7,000 అనుకుంటే 45,500 రూపాయలు. ఆ 6.50 స్థానంలో 6.05 పడితే తేడా 45 కిలోలు, 3,150 రూపాయలు. చుక్క తరవాత వచ్చే సున్నాకు ముందు చోటు వేరు, వెనక చోటు వేరు అన్నది ఐదో తరగతి పాఠం. అది పదో తరగతి పాసైన అందరికీ వచ్చిందని చెప్పలేం.

ఐదో తరగతి పాఠం ఎందుకు రాలేదంటే మూడో తరగతిలోపు రావాల్సింది రాకపోబట్టి. కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాలు ఇవి. ఒకటో తరగతి చివరికి నాలుగైదు మాటల చిన్న వాక్యాలు చదవాలి, 99 దాకా అంకెలు రావాలి. రెండో తరగతికి 999 దాకా. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో సహా చదవాలి, 9,999 దాకా అంకెలు రాయాలి. ఇవి పెద్ద కోరికలు కావు. అయినా మన తాలూకాల్లో చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. ఎక్కడ ఆగుతారో, ఎందుకు ఆగుతారో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి పిల్లవాడి తెలివిని తప్పుపట్టడం మామూలైపోయింది.

ముందు అంకెలు. తెలుగులో నలభై ఏడు అంటాం: ముందు పది, తరవాత ఒకటి. రాసేదీ అదే వరస, 4 తరవాత 7. మరాఠీలో 47ను సత్తేచాళీస్ అంటారు. ఏడు ముందు వినిపిస్తుంది, నలభై తరవాత. ఇంట్లో తెలుగులో లెక్కపెట్టే పిల్లవాడు చెవికి ఏది ముందు వస్తే అది ముందు రాస్తాడు, 74 అవుతుంది. మాష్టారు తప్పు కొట్టి సరైనది పక్కన రాస్తారు. ఎందుకు తప్పయిందో పిల్లవాడికి తెలీదు. దీనికన్నా గట్టి ముడి 19, 29, 39 దగ్గర ఉంది. 29 అంటే ఏకోణతీస్, ముప్ఫైకి ఒకటి తక్కువ అన్న పద్ధతిలో కట్టిన మాట. పిల్లవాడికి అందులో ఏక్, తీస్ వినిపిస్తాయి. 31 రాసేస్తాడు. 89 దాకా ఇదే తంతు. 99 దగ్గర మాత్రం పద్ధతి మారి నవ్యాణ్ణవ్ అవుతుంది. మూడో రకం తప్పు వందల దగ్గర. ఏక్‌శే పాచ్ అనగానే 100 రాసి పక్కన 5 పెట్టి 1005 చేస్తారు. ఇది తెలుగులో నేర్చుకున్న పిల్లలూ చేసే తప్పే, భాషకు సంబంధం లేదు. స్థానం విలువ రాకపోవడం వల్ల వస్తుంది.

మూడు తప్పులకు మూడు మందులు. అందుకే అంకెల డిక్టేషన్‌లో తప్పుల సంఖ్య కాదు, తప్పు రకం రాసుకోవాలి. రోజూ 10 అంకెలు చాలు: నాలుగు మామూలువి, మూడు ఏకోణ రకానివి, మూడు సున్నా ఉన్నవి. తిరగేసి రాసే పిల్లలకు పుల్లల కట్టలు కావాలి. పదేసి పుల్లలు రబ్బరుతో కట్టిన కట్టలు 10, విడి పుల్లలు 9 ఉంటే 99 దాకా ఏ అంకెనైనా చేతిలో పెట్టొచ్చు. వంద చూపాలంటే పది కట్టలూ కలిపి పెద్ద కట్ట. నాలుగు కట్టలు, ఏడు పుల్లలు పెట్టి ముందు తెలుగులో నలభై ఏడు అనిపించాలి. తరవాత మరాఠీలో చాళీస్ సాత్ అనిపించాలి. అది గట్టిపడ్డాకే సత్తేచాళీస్. ఏకోణ రకానికి మూడు కట్టలు పెట్టి ఒక పుల్ల తీసి చూపించాలి, మాటలో ఉన్న లెక్క కంటికి కనబడుతుంది. 1005 రాసేవాళ్లకు 100 అట్ట మీద 5 అట్టను కుడి అంచుకు ఆనించి పెట్టిస్తే చివరి సున్నా కప్పుకుపోయి 105 మిగులుతుంది.

2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో 21ని ఏకవీస్‌తో పాటు వీస్ ఏక్ అని చెప్పే పద్ధతి పెట్టినప్పుడు మహారాష్ట్ర అంతా దుమారం రేగింది. భాష పాడవుతుందన్నారు. గణితం సమితికి నాయకత్వం వహించిన మంగళా నార్ళీకర్ పిల్లలకు సులువవుతుందన్న మాట మీదే నిలబడ్డారు. మరాఠీ ఇంటి పిల్లల సంగతి వాళ్లు తేల్చుకుంటారు. తెలుగు పిల్లలకు మాత్రం అది సొంత ఇంటి వరసే, కాబట్టి ఆ దారిన మొదలుపెట్టమని మా గట్టి అభిప్రాయం. సంతలో, బస్సులో వినబడేది పాత మాటలే కనుక అవీ రావాలి, రెండో మెట్టుగా.

ఇక చదవడం. దేవనాగరి అక్షరాలు వచ్చిన తెలుగు పిల్లవాడు ఘ, ర కలిపి 'ఘర' అని చదువుతాడు, కొందరు 'ఘరు' అంటారు. మరాఠీలో పలికేది ఘర్. రాతలో చివర ఉన్న అచ్చు నోట్లో పడిపోతుంది. తెలుగు మాట దాదాపుగా ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి ఆ పడగొట్టడం మన పిల్లల నోటికి కొత్త. తాను చదివిన 'ఘర' తాను విన్న ఘర్ ఒకటేనని తట్టక అర్థం ఆగిపోతుంది. విన్న మాటలే ముందు చదివించడం దీనికి మందు. నోటికి రాని మాటను అచ్చులో చూపించకూడదు.

మాట్లాడటంలో పెద్ద అడ్డం లింగం. తెలుగులో ఆడపిల్లయినా మగపిల్లాడయినా నేను పోతున్నాను అంటారు. మరాఠీలో అబ్బాయి మీ జాతో అనాలి, అమ్మాయి మీ జాతే అనాలి. మేడమ్ నోట విన్నది విన్నట్టు మీ జాతే అని అబ్బాయి అంటే తరగతంతా నవ్వుతుంది. ఆ నవ్వుతో నోరు మూసుకున్న పిల్లలు నెలల తరబడి మళ్లీ తెరవరు. అబ్బాయిల వరస, అమ్మాయిల వరస ఎదురెదురుగా నిలబెట్టి రోజుకు రెండు క్రియలు ఆటగా అనిపిస్తే ఇది తీరిపోతుంది. వస్తువుల పేర్లు నేర్పేటప్పుడు ఒంటి మాట చెప్పకుండా తో దగడ్, తీ వహీ, తే ఝాడ్ అని జతగా చెప్పాలి. రాయి మగ, నోటుపుస్తకం ఆడ, చెట్టు రెండూ కాదు అన్నదానికి కారణం వెతికితే దొరకదు, జతగా నోటికి పట్టాలంతే.

మన పిల్లలకు కలిసొచ్చేవీ ఉన్నాయి, వాటిని ఎవరూ వాడుకోవడం లేదు. మనం, మేము తేడా మరాఠీలో ఆపణ్, ఆమ్హీగా అచ్చంగా ఉంది. వాక్యంలో క్రియ చివరికే వస్తుంది. ళ రెండింటిలో ఉంది. చాపలో మనం పలికే చ, చెట్టులో పలికే చ, ఈ రెండు రకాలూ మరాఠీలోనూ వినిపిస్తాయి. ఇంటి భాషను బయట చెప్పుల దగ్గర వదిలి రమ్మంటే ఈ సాయమంతా అక్కడే ఉండిపోతుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 గంటలు. అంటే రోజుకు 4 గంటలు. అందులో 40 నిమిషాలు రెండు భాషల పనికి ఇమ్మని అడుగుతున్నాం. 10 నిమిషాలు తెలుగులో కథో, బొమ్మ మీద మాటలో. 10 నిమిషాలు ఐదు మరాఠీ మాటలు, ఒక్కోటి ఒక వాక్యంలో పెట్టి. 10 నిమిషాలు చదవడం, 10 నిమిషాలు అంకెలు. మొదటి 8 వారాలు రాత తక్కువ, నోటి పని ఎక్కువ. రోజుకు ఐదు మాటలంటే ఏడాదికి 1,000. సగం నిలిచినా 500, మంచి పునాదే. మాష్టారికి తెలుగు రాకపోతే శాళా వ్యవస్థాపన్ సమితి (బడి యాజమాన్య కమిటీ)లోని తల్లుల్లో చదువుకున్నవాళ్లు ఆ మొదటి 10 నిమిషాలు కూర్చోవచ్చు. ఆ సమితిలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టమే చెప్తోంది.

ఇక్కడ చెడిపోయేది ఒక్కచోట. మరాఠీ వాక్యం ఒకటి చెప్పి వెంటనే తెలుగులో చెప్పడం. అలా చేస్తే పిల్లలు తెలుగు వచ్చేదాకా ఆగి, మరాఠీ వినడమే మానేస్తారు. కథంతా ఇవాళ తెలుగులో చెప్పాలి, రేపు అదే కథ మొత్తం మరాఠీలో చెప్పాలి, మధ్యలో తర్జుమా ఉండకూడదు. కథ ముందే తెలుసు కాబట్టి మాటలు వాటంతటవే అర్థమవుతాయి. రెండో పొరపాటు, పిల్లవాడు హో సర్, నాహీ సర్ అంటున్నాడని రెండో తరగతికే తెలుగు తీసేయడం. ఆటస్థలంలో మాట్లాడే మరాఠీ త్వరగా వస్తుంది. భాగాకారం వివరణ అర్థమయ్యే మరాఠీకి ఇంకా ఏళ్లు పడుతుంది.

కిన్వట్, రాజురా, సిరోంచా పల్లెల్లో కొందరి ఇంటి భాష గోండి, కొలామి, లంబాడీ. ఆ పిల్లలకు తెలుగూ పరాయిదే. పైన చెప్పినదంతా వాళ్ల భాషతో మొదలుపెట్టాలి, మన భాషతో కాదు.

తల్లిదండ్రులకు చదువు రాకపోయినా పిల్ల చదువు పరీక్షించొచ్చు. బోర్డు మీది చూసి ఎక్కించిన నోటుపుస్తకం ఎంత ముద్దుగా ఉన్నా దాన్ని నమ్మకండి. బడిలో ఇంకా చెప్పని పేజీ తెరవండి. బొమ్మను చేత్తో కప్పండి. చివరి లైను నుంచి పైకి, వేలు పెట్టి చదవమనండి. కంఠతా పట్టిన పిల్ల అక్కడే ఆగిపోతుంది. తరవాత పేజీ మొదటి నుంచి చదివించి, ఏం రాసుందో తెలుగులో చెప్పమనండి. మాటకూ మాటకూ పొత్తు కుదిరితే మీకే తెలుస్తుంది. అంకెలకు సబ్బు పొట్లం మీద ధర చూపించి, 100 ఇస్తే ఎంత తిరిగి రావాలో అడగండి. నెలకొకసారి ఐదు నిమిషాలు చాలు.

మీడియం మీద ఇప్పుడు మా మాట. ఇక్కడే ఉండి బతకాల్సిన పిల్లకు మరాఠీ తప్పదు. తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) పరీక్ష, పోలీసు భర్తీ, కచేరీ అర్జీ అన్నీ దాదాపుగా మరాఠీలోనే. 2020 చట్టంతో రాష్ట్రంలోని అన్ని బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి అయింది. తెలంగాణలో 2018 చట్టంతో తెలుగు తప్పనిసరి. కాబట్టి ఐదో తరగతిలో ఒకసారి, ఎనిమిదిలో ఒకసారి సరిహద్దు దాటించే పిల్లలు రెండు వైపులా కొత్త భాషతో మొదటికొస్తారు. దాటించాలనుకుంటే ఒక్కసారే దాటించండి, అదీ తెలుగు చదవడం ఇంటి దగ్గరే నేర్పాక. ఇంట్లో తెలుగు, ఊళ్లో మరాఠీ, రెండూ చదవడం రాకముందే ఇంగ్లిష్ కాన్వెంటు అంటే మూడు భాషల్లో అక్షరాలు కూడబలుక్కునే పిల్ల తయారవుతుంది. ఇటు జివతి తాలూకాకూ అటు తెలంగాణ కెరమెరి మండలానికీ మధ్య వివాదంలో ఉన్న 14 గ్రామాల్లో రెండు రాష్ట్రాల బడులూ ఉన్నాయి. అక్కడైనా పిల్ల పేరు రెండు చోట్లా రాయించి ఏ ఒక్కచోటా నిలకడగా కూర్చోబెట్టకపోతే రెండు బడులున్నా ఫలితం ఉండదు.

పనికి వలస పోయే ఇళ్లకు ఒక హెచ్చరిక. చెరకు నరకడానికి దసరా, దీపావళి తరవాత, మిరప ఏరడానికి సంక్రాంతి దాటాక పిల్లల్ని వెంట తీసుకుపోతారు. బయల్దేరే ముందు ముఖ్యాధ్యాపక్ (హెడ్మాస్టరు) దగ్గర శిక్షణ్ హమీ కార్డ్ అడిగి తీసుకోండి. రాష్ట్రంలో ఎక్కడికి పోయినా ఆ కార్డు చూపించి దగ్గరి బడిలో కూర్చోబెట్టొచ్చు, తిరిగొచ్చాక పాత తరగతిలోనే కొనసాగుతారు. రాష్ట్రం దాటితే టీసీ కావాలి. టీసీ ఆలస్యమైందని 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను చేర్చుకోకుండా ఉండటానికి చట్టం ఒప్పుకోదు, వయసు కాగితం లేదని కూడా తిప్పి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, వెనకబడినది విడిగా నేర్పించాలి.

పేరు రాయించేటప్పుడు జాగ్రత్త. తెలుగులో ఇంటిపేరు పొడి అక్షరం రాస్తాం. ఇక్కడి రిజిస్టరులో ఇంటిపేరు, పిల్ల పేరు, తండ్రి పేరు మూడూ పూర్తిగా ఉంటాయి. ఒకచోట ఇంటిపేరు చివర వార్ చేర్చి, ఆధార్‌లో చేర్చకపోతే స్కాలర్‌షిప్ రోజున రెండు వేర్వేరు మనుషులవుతారు. కుల ధ్రువపత్రానికి షెడ్యూల్డ్ కులాలకు 10-8-1950, తెగలకు 6-9-1950, విముక్త, సంచార జాతులకు 21-11-1961, ఓబీసీలకు 13-10-1967 నాటికి కుటుంబం ఇక్కడ ఉన్నట్టు ఆధారం అడుగుతారు. తాతగారి బడి రిజిస్టరు నుంచి తీసిన ప్రవేశ్ నిర్గమ్ ఉతారా అందులో గట్టి ఆధారం. కిన్వట్, రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి కాబట్టి కొందరు అక్కడా వెతకాల్సి రావచ్చు.

తెలుగు సాయం అడగడం దయ కోరడం కాదు. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించమంటోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలంటోంది. ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ఆ భాష తెలిసిన ఒక ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న సూత్రం 1949 ఆగస్టు విద్యామంత్రుల సమావేశం నాటిది.

అర్జీ ఇలా రాయండి. పిల్లల పేరు, తరగతి, ఇంటి భాష, తల్లి లేదా తండ్రి సంతకం వరసగా ఒక పట్టీ. పైన ఒకే కోరిక: ఒకటి, రెండు తరగతులకు తెలుగు తెలిసిన ఉపాధ్యాయులు కావాలి, మరాఠీ పాఠం ఎప్పటిలాగే సాగాలి. ఈ రెండో ముక్క తప్పకుండా ఉండాలి, లేకపోతే మరాఠీ వద్దంటున్నారని పక్కన పడేస్తారు. సమితి సమావేశంలో తీర్మానం రాయించి జత చేయండి. ముఖ్యాధ్యాపక్‌కి ఇచ్చి, చుట్టుపక్కల బడులను చూసే కేంద్ర ప్రముఖ్‌కి, పంచాయత్ సమితిలో గట్ శిక్షణాధికారికి (బ్లాకు విద్యాధికారి), జిల్లా పరిషత్‌లో ప్రాథమిక శిక్షణాధికారికి నకళ్లు పంపండి. ప్రతి నకలు మీదా పోచ్ (అందినట్టు) ముద్ర, తేదీ వేయించుకోండి.

అన్నిటికన్నా ముందు, బడిలో పేరు రాయించే రోజునే చూడాల్సింది ఒకటుంది. బడుల, పిల్లల లెక్కలుండే సర్కారు యూడైస్ వివరాల్లో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. అలవాటు కొద్దీ అందరికీ మరాఠీ అని నింపేస్తే ఆ బడిలో లెక్కకు తెలుగు పిల్లలు ఒక్కరూ ఉండరు, 10 మంది సూత్రం దగ్గరికే చేరలేం. ఇప్పటికే చదువుతున్న పిల్లల గడి కూడా ఈ నెలలోనే ముఖ్యాధ్యాపక్‌ని అడిగి చూసుకోండి, తప్పుంటే రాతపూర్వకంగా అడిగి మార్పించుకోండి.

ఇట్లు,
సరిహద్దు తాలూకాల ప్రాథమిక ఉపాధ్యాయులు కొందరు,
దెగ్లూర్, నాందేడ్ జిల్లా